గన్నవరం నుంచి శంషాబాద్‌కి గాల్లో 42 నిమిషాలు, ఇంటి నుంచి ఇంటికి 5 గంటల 50 నిమిషాలు: అమ్మతో నా అనుభవం

అమ్మకి తుంటి కీలు మార్చే ఆపరేషన్ హైదరాబాద్‌లో ఏప్రిల్‌లో జరిగింది. నెలన్నర కూకట్‌పల్లిలో మా ఇంట్లోనే ఉంది. ఆ తర్వాత ఊరి మీద బెంగ పెట్టుకుంటే అన్నయ్య వచ్చి కారులో తీసుకెళ్ళాడు. మా ఊరు హనుమాన్ జంక్షన్‌కి కాస్త దక్షిణంగా, గుడివాడ వైపు. ఆ కారు ప్రయాణంలో నేనూ ఉన్నాను. సూర్యాపేట దాటేదాకా బాగానే ఉంది గానీ, కోదాడ దగ్గరకొచ్చేసరికి కాలు బిగిసిపోయి, కారు ఆపి దింపితే రెండు నిమిషాల పాటు అడుగు తీసి అడుగు వేయలేకపోయింది. చిల్లకల్లు టోల్‌గేటు దాటాక మళ్ళీ ఆపాం, నందిగామలో మళ్ళీ. ఇంటికి చేరేసరికి ఏడు గంటలు పట్టింది. ఆ రాత్రంతా అమ్మ నిద్రపోలేదు.

అందుకే జూలైలో మూడు నెలల రివ్యూకి రమ్మన్నప్పుడు నాకు పట్టుకున్న టెన్షన్ అంతా ప్రయాణం గురించే. డాక్టరు గారు చెప్పింది ఒకటే మాట. ఒకే తీరుగా గంటకు మించి కూర్చోబెట్టొద్దు, గంటకోసారి లేపి నాలుగడుగులు వేయించండి, మరీ పల్లంగా ఉన్న సీట్లో కూర్చోనివ్వొద్దు, కూర్చున్నంతసేపూ మడమలు ఆడిస్తూ ఉండమనండి అన్నారు. ఆ మాట పట్టుకుని నేను లెక్కలు మొదలుపెట్టాను.

అన్నయ్యేమో "ఈసారి మధ్యలో నాలుగు చోట్ల ఆపుతానే, మెల్లగా వద్దాం" అన్నాడు. మా ఆయనేమో వందే భారత్ అన్నారు. 2023 జనవరిలో మొదలైన విశాఖ - సికింద్రాబాద్ వందే భారత్ విజయవాడ నుంచి సికింద్రాబాద్‌కి నాలుగు గంటల పైచిలుకులో వచ్చేస్తుంది, పైగా రైల్లో అయితే లేచి నడవొచ్చు కదా అని ఆయన వాదన. నిజానికి అది మంచి వాదనే. కానీ మా ఊరి నుంచి విజయవాడ స్టేషన్‌కి వెళ్ళాలంటే ముందు గన్నవరం దాటుకుని, ఊళ్ళో ట్రాఫిక్ దాటుకుని వెళ్ళాలి. ఆ తర్వాత ప్లాట్‌ఫాం దాకా నడక, బండి ఆగిన ఆ కాసేపట్లో వాకర్ పట్టుకున్న మనిషిని ఎక్కించడం, దిగాక సికింద్రాబాద్ నుంచి కూకట్‌పల్లికి ఇంకో ప్రయాణం. ఇవన్నీ తలుచుకుంటే నాకు ధైర్యం చాల్లేదు. ఎయిర్‌పోర్టు మాకు అరగంట దూరం. ఫ్లైటు గంట. ఇంకేం ఆలోచించాలి అనుకుని ఫ్లైటుకే మొగ్గాను.

దూరం ఎంతో చూద్దామని వెతికితే ఒకచోట 250 కిలోమీటర్లని, ఒకచోట 264 అని, ఇంకోచోట 300 అని కనిపించింది. మొదట గందరగోళపడ్డాను, తర్వాత మ్యాప్ తెరిచి చూస్తే అర్థమైంది. హైదరాబాద్ నడిబొడ్డు నుంచి విజయవాడ నడిబొడ్డుకి తిన్నగా గీత గీస్తే సుమారు 250. శంషాబాద్ రన్‌వే నుంచి గన్నవరం రన్‌వేకి గీస్తే దాదాపు 264, విమానాల వాళ్ళ లెక్కలో 143 నాటికల్ మైళ్ళు. 300 అంటే ఔటర్ రింగ్ రోడ్డు, 65వ నంబరు జాతీయ రహదారి మీదుగా రోడ్డు దూరం. రెండు ఊళ్ళ మధ్య కంటే రెండు ఎయిర్‌పోర్టుల మధ్యే దూరం ఎందుకు ఎక్కువంటే, గన్నవరం విజయవాడకి తూర్పున, ఏలూరు వెళ్ళే దారిలో ఉంది, శంషాబాద్ హైదరాబాద్‌కి దక్షిణాన, కొంచెం పడమరకి జరిగి ఉంది. ఒకదానికొకటి వీపు తిప్పి కూర్చున్నట్టు రెండూ అవతలి వైపుల్లో ఉన్నాయి. విజయవాడలో ఉండేవాళ్ళు హైదరాబాద్ రావడానికి ముందు 20 కిలోమీటర్లు హైదరాబాద్‌కి దూరంగా ప్రయాణం చేయాలన్నమాట. మాకు మాత్రం ఇది కలిసొచ్చింది, మా ఊరు ఎటూ గన్నవరానికి ఇంకా తూర్పునే ఉంది కాబట్టి.

టికెట్ తీసేటప్పుడు వీల్‌చైర్ కావాలని టిక్ పెట్టాను. అది కొన్న ఎయిర్‌లైన్ సైటులోనే పెట్టాను, కన్ఫర్మేషన్‌లో కూడా కనిపించింది. విమానం ఏటీఆర్, రెక్కల మీద పంకాలు తిరిగే చిన్న విమానం, అటు రెండు సీట్లు ఇటు రెండు సీట్లు. ఏటీఆర్ ఎక్కబోయే పెద్దవాళ్ళకి ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. దీనికి జనం ఎక్కే తలుపు తోక వైపు ఉంటుంది, ముందు వైపు సామాను పెడతారు. ముందు సీట్లు మంచివనుకుని మొదటి వరసలో తీసుకుంటే ఆ సన్నటి దారిలో చివరి నుంచి మొదటిదాకా నడవాలి. నేను వెనక నుంచి మూడో వరస తీసుకున్నాను. అమ్మకి ఆపరేషన్ అయింది కుడి కాలు, అందుకని ఎడమ వైపు జంట సీట్లలో దారి పక్కది అమ్మకి, కిటికీ నాకు. అలా అయితే కుడికాలు కాస్త దారిలోకి చాపుకోవచ్చు.

ఫ్లైటు 11:10కి. నేను ముందు రోజు బస్సులో ఊరికి వెళ్ళి ఉన్నాను. పొద్దున 8:20కి గేటు దాటాం, 8:55కి ఎయిర్‌పోర్టులో దిగాం. నేను ప్రతి చోటా టైము ఫోన్‌లో రాసుకుంటూ వచ్చాను, తిరుగు ప్రయాణానికి, అక్టోబర్‌లో వచ్చే రివ్యూకి పనికొస్తుందని. లోపలికెళ్ళి కౌంటర్ దగ్గర అడిగితే వీల్‌చైర్ రిక్వెస్టు వాళ్ళ లిస్టులో లేదన్నారు. కన్ఫర్మేషన్ చూపించాను. అయినా ఉన్న కుర్చీలు వేరేవాళ్ళకి వెళ్ళాయి, ఒకటి తిరిగొచ్చేదాకా ఆగండన్నారు. అమ్మ వాకర్ పట్టుకుని నిలబడే ఉంది. నాకు కోపం వచ్చింది గానీ అరిచి లాభం లేదని, పక్కనున్న కుర్చీలో నేను తెచ్చిన గట్టి మెత్త వేసి కూర్చోబెట్టాను. ఇరవై నిమిషాల తర్వాత వీల్‌చైర్ వచ్చింది. టికెట్ తీసినప్పుడు టిక్ పెట్టడంతో సరిపెట్టుకోకుండా ముందు రోజు ఫోన్ చేసి మళ్ళీ ఖాయం చేసుకోవాలి, నేను ఆ పని చేయలేదు. తోసే అబ్బాయికి ఇరవై ఏళ్ళుంటాయేమో, "పెద్దమ్మా, పాదాలు ఈ పలక మీద పెట్టండి, నేలకి తగలనివ్వకండి" అని ఎంత జాగ్రత్తగా చెప్పాడో.

సెక్యూరిటీ దగ్గర ఇంకో సంగతి. తుంటిలో లోహం ఉంది కదా, మెషీన్ మోగుతుంది. నేను డిశ్చార్జి సమ్మరీ, డాక్టరు గారి లెటరు పైనే పెట్టుకున్నాను. ఆడవాళ్ళని చూసే గదిలోకి తీసుకెళ్ళి చేతి మెషీన్‌తో చూశారు. అక్కడున్న ఆమె లెటరు చదివి "ఎన్నాళ్ళైందమ్మా ఆపరేషన్ అయ్యి?" అని అడిగి, లేవమని బలవంతపెట్టకుండా కూర్చోబెట్టే చూసింది. వాకర్ మడిచి ఎక్స్‌రేలో పంపించాలి. అది అవతల పక్కకి వచ్చిందో లేదో చూసుకోవాలి, ట్రేలతో పాటు రాదు. ఇదంతా అయ్యేసరికి 9:45.

ఇక్కణ్ణుంచి బోర్డింగ్ దాకా 50 నిమిషాలు ఖాళీ. వీల్‌చైర్ వచ్చిందని సంబరపడ్డాను గానీ, అది కూడా కూర్చోవడమే కదా! పొద్దున 8:20 నుంచి చూస్తే అమ్మ మధ్యలో ఆ కాసేపు నిలబడ్డం తప్ప కూర్చునే ఉంది. డాక్టరు చెప్పిన గంట ఎప్పుడో దాటిపోయింది. అందుకని గేటు దగ్గర ఆ అబ్బాయిని అడిగి, వాకర్ విప్పి, గోడ వారగా ఒక ఇరవై అడుగులు అటూ ఇటూ నడిపించాను. గన్నవరం టెర్మినల్ చిన్నది, ఆ పొద్దున జనం కూడా పెద్దగా లేరు, అందుకే కుదిరింది. ఒకాయన లేచి సీటు కూడా ఇచ్చాడు, ఆ సీటు ఎత్తుగా ఉండబట్టి అమ్మకి హాయిగా ఉంది.

బోర్డింగ్ 10:35కి మొదలైంది, వీల్‌చైర్ వాళ్ళని ముందు పంపారు. ఏటీఆర్ తలుపుకే లోపలి వైపు మెట్లు ఉంటాయి, తలుపు తెరిస్తే అవే మెట్లు. ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పిన సూత్రం అమ్మ బాగా గుర్తుపెట్టుకుంది: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. అలాగే ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి ఎక్కింది. వెనకాల నేను, ముందు ఆ అబ్బాయి. సీట్లో కూర్చునేసరికి 10:45. ముందు ఎక్కించడం మర్యాదే గానీ, ముందు ఎక్కినవాళ్ళే అందరికంటే ఎక్కువసేపు కూర్చోవాలి, పైగా దించేటప్పుడు వీల్‌చైర్ వాళ్ళని చివర్లో దించుతారు. ఈ సంగతి నేను ముందుగా ఆలోచించలేదు.

11:12కి కదిలింది, 11:20కి గాల్లోకి లేచింది. జూలై కాబట్టి గాలి పడమటి నుంచి వీస్తోంది. విమానం గాలికి ఎదురుగానే లేవాలి, ఎదురుగానే దిగాలి. గన్నవరం రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది, శంషాబాద్‌దీ అంతే. మేం వెళ్ళాల్సింది పడమరకే. కాబట్టి లేచిందీ పడమరకే, దిగిందీ పడమర ముఖంగానే, మధ్యలో పెద్దగా తిరగడాలు లేవు. ఎడమ వైపు మబ్బుల సందుల్లోంచి విజయవాడ, ప్రకాశం బ్యారేజీ ఒక్క క్షణం కనిపించాయి. ఇంకాసేపటికి కృష్ణ మెలికలు తిరుగుతూ, దాని వెనక పరుచుకున్న పులిచింతల నీళ్ళు. అమ్మ నా మీదుగా వంగి చూసి "ఇదేంటే, సముద్రంలా ఉంది?" అంది. పులిచింతల అని చెప్పాను. "మన కాలవకి నీళ్ళొచ్చేది ఇక్కణ్ణుంచేనా?" అని అడిగింది. ఇక్కడ ఆపి కిందికి వదిలితే బ్యారేజీకి వస్తాయి, బ్యారేజీ నుంచి ఏలూరు కాలవకి వస్తాయి అని చెప్పాను. నాన్న ఉన్నన్నాళ్ళూ జూన్ వస్తే కాలవ ఎప్పుడు వదులుతారా అని రోజూ పేపర్లో పులిచింతల, సాగర్ నీటిమట్టాలు చూసేవారు. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, మడమలు ఆడించడం మాత్రం మానలేదు.

12:02కి చక్రాలు నేలని తాకాయి. అంటే గాల్లో ఉన్నది 42 నిమిషాలు. ఏటీఆర్ పైకెక్కి కుదురుకున్నాక గంటకి 500 కిలోమీటర్ల దాకా పోతుంది, కానీ 264 కిలోమీటర్లలో ఎక్కడానికి కొంత, దిగడానికి కొంత పోగా పూర్తి వేగంతో వెళ్ళేది కాసేపే. సగటున చూస్తే గంటకి 377 కిలోమీటర్లు. పెద్ద జెట్ విమానమైనా ఇంత తక్కువ దూరంలో మిగిల్చేది కొద్ది నిమిషాలే.

అందరూ దిగాక, వీల్‌చైర్ వచ్చాక, 12:20కి అమ్మ సీట్లోంచి లేచింది. 10:45 నుంచి 12:20. గంటా ముప్పై ఐదు నిమిషాలు ఒకే సీట్లో! మొత్తం ప్రయాణంలో అమ్మ ఎక్కువసేపు కదలకుండా కూర్చుంది ఇక్కడే, దేన్నయితే మేం "గంటే కదా" అనుకున్నామో అక్కడే. దిగేటప్పుడు మొదటి మెట్టు మీద కాలు తడబడింది. నా గుండె ఆగినంత పనైంది. ఇద్దరం పట్టుకున్నాం, అమ్మే "కంగారు పడకు, బిగిసిందంతే" అంది.

శంషాబాద్ పెద్ద ఎయిర్‌పోర్టు, వీల్‌చైర్ లేకపోతే అమ్మ నడవగలిగే దూరం కానే కాదు. బెల్టు దగ్గర సామాను వచ్చేసరికి 12:45, క్యాబ్ ఎక్కి కదిలేసరికి 1:00. డ్రైవరు ముందు సీటు వెనక్కి జరిపి, "అమ్మగారిని ముందు కూర్చోబెట్టండి మేడం, కాళ్ళు చాపుకోవడానికి బాగుంటుంది" అన్నాడు. ఔటర్ మీద గచ్చిబౌలి దాకా బాణంలా వచ్చాం, ఔటర్ దిగాక వాన. అక్కణ్ణుంచి జేఎన్‌టీయూ దాకా నత్తనడకే. ఇంటి గేటు దగ్గర 2:10. 2008 మార్చి దాకా విమానాలు బేగంపేటలో దిగేవి, అక్కణ్ణుంచి కూకట్‌పల్లి పదో పన్నెండో కిలోమీటర్లు. ఇప్పుడు దిగాక 40. ఊరు నాలుగు వైపులా పెరిగింది కాబట్టి ఎయిర్‌పోర్టు బయటికి పోక తప్పలేదు, శంషాబాద్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి ఇది దగ్గరే. మాలాగా కూకట్‌పల్లి, మియాపూర్ వైపు వాళ్ళకి మాత్రం ఫ్లైటు దిగడంతో ప్రయాణం అయిపోదు.

రాత్రి అమ్మ పడుకున్నాక లెక్క చూశాను. గేటు నుంచి గేటుకి 5 గంటల 50 నిమిషాలు, అంటే 350 నిమిషాలు. అందులో గాల్లో ఉన్న 42 నిమిషాలు ఎనిమిదో వంతు కూడా కాదు. కారులో అయితే మా ఊరి నుంచి ఆగుతూ వచ్చినా ఆరున్నర, ఏడు. అంటే ఫ్లైటు వల్ల మిగిలింది గంట అటూ ఇటూనే. కానీ అమ్మని అడిగితే కారు కంటే ఇదే నయమంది. ఎందుకంటే ఇది ఒకటే ప్రయాణం కాదు, ముక్కలు ముక్కలుగా ఉంది. ప్రతి ముక్కకీ మధ్య లేచింది, నిలబడింది, నాలుగడుగులు వేసింది. ఆ రాత్రి నిద్రపోయింది కూడా. ఒక్క విమానం ముక్క మాత్రం పొడుగైంది. ఈసారి అందర్నీ ఎక్కించాక చివర్లో ఎక్కిస్తారా అని గేటు దగ్గర అడగాలని రాసుకున్నాను.

రివ్యూ బాగా జరిగింది, ఎక్స్‌రే చూసి కీలు చక్కగా కుదురుకుందన్నారు. నాలుగు రోజులుండి తిరుగు ప్రయాణం, సాయంత్రం 4:40 ఫ్లైటు. ఈసారి ముందు రోజు ఫోన్ చేసి వీల్‌చైర్ ఖాయం చేసుకున్నాను, తలుపు దగ్గరే సిద్ధంగా ఉంది. అయితే ఫ్లైటు 5:50కి మారిందని సెక్యూరిటీ దాటాక తెలిసింది, ముందు మెసేజ్ కూడా రాలేదు. వచ్చుంటే ఇంట్లోనే గంటసేపు పడుకోబెట్టేదాన్ని. సరే, శంషాబాద్‌లో నడవడానికి కావలసినంత చోటుంది, మూడుసార్లు నడిపించాను. చివర్లో ఎక్కించమని అడిగితే గేటు దగ్గరున్న అమ్మాయి వెంటనే ఒప్పుకుంది. అమ్మ సీట్లో కూర్చున్నాక పది నిమిషాల్లోపే తలుపు మూశారు.

ఈసారి గాల్లో 51 నిమిషాలు పట్టింది, అదే దూరానికి. పడమటి గాలి కాబట్టి శంషాబాద్‌లో పడమర ముఖంగా లేచి, చుట్టూ తిరిగి తూర్పుకి వెళ్ళాలి. గన్నవరంలో కూడా పడమర ముఖంగానే దిగాలి కాబట్టి రన్‌వే దాటి తూర్పుకి పోయి, అక్కణ్ణుంచి వెనక్కి తిరగాలి. అలా దాటి పోతున్నప్పుడు 6:45 అయింది, ఇంకా కాస్త వెలుగుంది. కింద హైవే, తర్వాత చేపల చెరువులు, అద్దం ముక్కల్లా. ఈసారి కిటికీ పక్కన అమ్మని కూర్చోబెట్టాను, కుడికాలు దారిలోకి చాపుకునే వీలు లేకపోయినా చూస్తానంటే కాదనలేకపోయాను. చెరువుల వరస చూసి, రోడ్డు మలుపు చూసి, "అదిగో, మన ఊరు" అంది. గుడి గోపురం లైటు వెలుగుతోంది. నేను వంగి చూసేలోపే రెక్క వాలింది, విమానం గన్నవరం వైపు తిరిగింది. ఆ గుడి పక్క సందులో ఉన్న మా ఇంటికి మేం చేరింది 8:05కి.